'మల్లీశ్వరి' సాయంతో భానుమతిపై పాత తీర్పును సరిచూసుకునే విధానం

భానుమతి అనగానే నాకు చాలాకాలం పాటు 1984లో వచ్చిన 'మంగమ్మగారి మనవడు'లోని మంగమ్మే గుర్తుకు వచ్చేది. ఎదుటివారిని మాటతోనే అదలించే ఆ పెద్దావిడను చూసి నవ్వుకున్నానే గాని, ఆ గొంతులో అధికారం తప్ప మరొకటి ఉంటుందని అనుకోలేదు. ఆమె పుట్టిన దొడ్డవరం మా ఒంగోలుకు దగ్గరే కావడంతో మా ఇంట్లో పెద్దవాళ్ళు ఆమెను మన మనిషిగా చెప్పుకునేవారు. ఆ సంబరంలో పాలుపంచుకోవడానికి మాత్రం నాకు మనసు ఒప్పేది కాదు. తరువాత ఎప్పటికో 1951 నాటి 'మల్లీశ్వరి'ని మొదటి నుంచి చివరి దాకా మూడుసార్లు శ్రద్ధగా చూశాను, నా తీర్పు తప్పని తేలింది. అది ఎలా తేలిందో, అదే పని మరొకరు తమకు నచ్చని నటుడి విషయంలో చేయదలచుకుంటే ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

సినిమా పెట్టుకోవడానికి ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. పాత అభిప్రాయాన్ని ఒక కాగితం మీద రాసిపెట్టుకోవాలి. సినిమా నచ్చిన తరువాత మన జ్ఞాపకం మనకు తెలియకుండానే సర్దుకుంటుంది, ముందు నుంచీ మనం ఆ నటిని ఇష్టపడుతున్నట్టే అనిపిస్తుంది. కాగితం మీద ఉన్న మాట అలా జారిపోదు. అయితే 'ఆమె నటన నాకు నచ్చదు' అని రాస్తే ప్రయోజనం లేదు. ఏ సినిమా చూసి అలా అనుకున్నామో, నచ్చనిది చూపా, నడకా, గొంతా, మాట విరుపా అన్నది విడమరచి రాయాలి. నా కాగితం మీద మూడు వాక్యాలు ఉన్నాయి: ఆమె గొంతు ఎప్పుడూ ఎదుటివారి కంటే ఒక మెట్టు పైన నిలబడి మాట్లాడుతుంది, ఏ పాత్ర వేసినా భానుమతే కనిపిస్తుంది గాని ఆ పాత్ర కనిపించదు, ఆ అధికారాన్ని ఆమె అలవాటుగా వాడుకుంటారు.

తెర వెనుక కథలను ఈ కాగితం మీదికి రానివ్వకూడదు. 'మిస్సమ్మ' (1955)లో కథానాయిక వేషానికి మొదట భానుమతినే తీసుకున్నారని, ఆ తరువాత అది సావిత్రికి దక్కిందని సినిమాలు చూసేవారిలో తెలియనివారు లేరు. ఆ కథను మన వైపు ప్రతి ఇంట్లోనూ ఆమె పొగరుకు నిదర్శనంగా ఒక రకంగానో, ఆత్మగౌరవానికి నిదర్శనంగా ఇంకో రకంగానో చెప్పుకుంటారు. ఎలా చెప్పినా అది తెర మీద మనకు కనిపించే నటన గురించి ఏమీ చెప్పదు. నేనైతే అటువంటి మాటలన్నిటినీ మరొక కాగితం మీద రాసి మడిచి పక్కన పెట్టాను.

ఇక సినిమాను ఎంచుకోవడం. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. నటిలో మనకు నచ్చని గుణానికి పూర్తిగా వ్యతిరేకమైన పాత్రను వెతికి, దానిలో ఆమె బాగుంటే మన తీర్పు తప్పని అనుకుంటారు. దానివల్ల ఆ నటికి రెండు రకాల పాత్రలు వచ్చునని తెలుస్తుందే తప్ప, మనకు నచ్చని ఆ గుణం అసలేమిటో తెలియదు. చూడవలసింది ఆ గుణం దాగివుండి, దానిని బాహాటంగా వాడుకునే అవకాశం లేని పాత్ర. మల్లీశ్వరి అటువంటిది. వీరాపురంలోని నేతపనివారి ఇంటి పిల్ల. బావ నాగరాజు శిల్పి. అతని దగ్గర డబ్బు లేదన్న కారణంతో పెళ్ళికి తల్లి నాగమ్మ అడ్డుపడుతుంది. రాయలవారి పల్లకి వచ్చి ఆమెను అంతఃపురానికి తీసుకుపోతుంది. ఇంట్లో తల్లిదే మాట, ఆ పైన రాజుగారిదే మాట. ఎవరినీ శాసించే వీలు లేని ఈ పాత్రలో శాసించే గొంతు గల నటి ఏం చేస్తారన్నదే మనం చూడవలసింది. కాలదూరం కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1939లో 'వరవిక్రయం'తో సినిమాల్లోకి వచ్చిన భానుమతికి 'మల్లీశ్వరి' విడుదలైనప్పుడు 26 ఏళ్ళు. మంగమ్మ దానికి 33 ఏళ్ళ తరువాత వచ్చిన మనిషి. వెనక వచ్చినదాన్ని చూసి ముందున్నదాన్ని అంచనా వేశానని నాకు ఈ అంకెలు కాగితం మీద వేసుకున్నప్పుడే అర్థమైంది.

సినిమా ప్రతి దొరికాక టీవీ అమరికను సరిచేసుకోవాలి. ఇది చిన్న విషయంలాగా కనిపిస్తుంది గాని, నటనను అంచనా వేయాలనుకునేవారికి చిన్నది కాదు. ఆ కాలపు సినిమా చట్రం దాదాపు నాలుగుకు మూడు పాళ్ళలో ఉంటుంది; ఇప్పటి టీవీలు పదహారుకు తొమ్మిది పాళ్ళవి. తెరను నిండుగా చూపించే అమరిక పెడితే ముఖాలు అడ్డంగా సాగిపోతాయి, జూమ్ పెడితే నుదురు, పాదాలు తెగిపోతాయి. సాగదీసిన ముఖంలో కనుబొమ కదలిక అతిగా కనిపిస్తుంది, పాదాలు తెగిన నాట్యం సగం నాట్యమే. అందుచేత రెండు పక్కలా నల్లపట్టీలు వచ్చినా సరే, నాలుగుకు మూడు అమరికలోనే చూడాలి. కదలికలను నునుపు చేసే సదుపాయం టీవీలో ఉంటే దానిని కూడా ఆపివేయాలి. పాత సినిమాలో వెలుగునీడలు తేలడానికి గదిలో దీపం తగ్గించడం మంచిది.

మొదటిసారి చూసేటప్పుడు ఎక్కడా ఆపకూడదు, పాటలను దాటవేయకూడదు. 'మల్లీశ్వరి' పాటలను విడివిడిగా విన్నవారు వేలమంది ఉంటారు. అవి కథలో ఏ మాట తరువాత వస్తాయో తెలిసినవారు తక్కువ. దాదాపు మూడు గంటల సినిమా కనుక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టుకుంటే, వచ్చేవారిని పోయేవారిని పట్టించుకోనక్కరలేకుండా సాగుతుంది. ఈ మొదటి చూపులో ఏదీ రాసుకోనక్కరలేదు. ఎడ్లబండి పాట వచ్చినప్పుడు మా ఇంట్లో అందరి కళ్ళూ ఎడ్ల మూపురాల మీదికే పోయాయి, కథానాయికను కాసేపు ఎవరూ చూడలేదు. ఒంగోలువాళ్ళతో సినిమా చూడటంలో ఉన్న ఇబ్బంది అది.

రెండోసారి చూసేటప్పుడు ఎంచుకున్న ఘట్టాలను ధ్వని పూర్తిగా తగ్గించి చూడాలి. నా ఫిర్యాదు గొంతు మీద కనుక, గొంతు లేకుండా ముఖం ఏం చేస్తున్నదో తెలియాలి. వానకు మండపంలో తలదాచుకున్న ఘట్టాన్ని ఇందుకు ఎంచుకోవచ్చు. బావామరదళ్ళు తప్ప అక్కడ ఇంకెవరూ లేరనుకుని మల్లి పాడి ఆడుతుంది. మారువేషంలో ఉన్న కృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన చూస్తారు. ధ్వని లేకుండా చూస్తే నాకు తెలిసివచ్చింది ఏమిటంటే, ఆమె ముఖంలో బతిమాలుకోవడం ఎక్కడా లేదు. గారాబం ఉంది, చిలిపితనం ఉంది, గడ్డం మాత్రం దించలేదు. మంగమ్మలో నాకు చిరాకు కలిగించిన గడ్డం అదే.

మూడోసారి ఇందుకు విరుద్ధంగా చేయాలి. కళ్ళు మూసుకుని వినాలి. భానుమతి విషయంలో ఈ మెట్టును దాటవేయడానికి వీలే లేదు, ఎందుకంటే ఆమె తన పాటలను తానే పాడుకున్నారు. నేపథ్యగానం స్థిరపడిన తరువాత చాలామంది తారలకు మాట ఒకరిది, పాట ఇంకొకరిది అయింది. ఈ సినిమాలోనే నాగరాజు వేషం వేసిన ఎన్.టి.రామారావు మాటకు ఘంటసాల పాట జోడించారు. వారిద్దరి గొంతులూ ఎంత చక్కగా కలిసినా, మాట ముగిసి పాట మొదలయ్యే చోట ఒక అతుకు చెవికి తగులుతుంది. భానుమతి దగ్గర ఆ అతుకు లేదు. మాటలోని విరుపే పాటలో గమకమవుతుంది. మేఘాన్ని ఉద్దేశించి ఇద్దరూ చెరొకచోట పాడుకునే పాటను ఇందుకు పరీక్షగా పెట్టుకోవచ్చు. మేఘంతో కబురు పంపుతున్న నాగరాజు గొంతులో దుఃఖం నేరుగా వినిపిస్తుంది. మల్లి గొంతులో అది ఒక అంగుళం లోపల ఆగిపోతుంది.

మండపంలోని పాట దగ్గరకు మళ్ళీ రావాలి, ఎందుకంటే నా తీర్పు తిరగబడింది అక్కడే. 'పిలచిన బిగువటరా' అన్నది ఆ పాట పల్లవి. పిలిచినా పలకకుండా బిగుసుకుని నిలబడ్డవాడిని నిలదీసే పాట అది. బిగువు అన్న మాటను మనవైపు ఎలా వాడుతామో ఆలోచించాలి. తాడు బిగువు, మనిషి బిగువు, మాట బిగువు. పొగరు అనదగ్గ చోటా అంటాం, పట్టుదల అనదగ్గ చోటా అంటాం. ఇక్కడ పాత్ర ఎదుటివాడి బిగువును తప్పుపడుతున్నది, పాడే గొంతేమో తన బిగువును ఒక్క స్వరంలో కూడా సడలించడం లేదు. చనువుగా దెప్పుతూనే తన స్థానాన్ని విడువని పల్లెటూరి పిల్ల అలా తయారయింది. ఇదే పాటను మెత్తని గొంతు పాడి ఉంటే అది వేడికోలుగా మారి ఉండేదని నా అభిప్రాయం. నేను పొగరని రాసుకున్నది ఇక్కడ పాత్రకు వెన్నెముకగా నిలబడింది. అంతఃపురంలో చేరిన తరువాత, పైకి చెప్పుకోవడానికి ఎవరూ లేని చోట, అదే బిగువు నిగ్రహంగా కనిపిస్తుంది. ఆమె తల వంచుకుని ఉన్న ఘట్టాల్లో కూడా లొంగిపోయిందని మనకు అనిపించదు.

ఇంతవరకు వచ్చాక తొందరపడి కొత్త తీర్పు రాయకూడదు. మనం మెచ్చుకున్నదానిలో నటికి చెందవలసింది ఎంతో, ఇతరులకు చెందవలసింది ఎంతో విడదీయాలి. 'మల్లీశ్వరి' దర్శకుడు బి.ఎన్.రెడ్డి, మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రివి, సంగీతం సాలూరి రాజేశ్వరరావుది. అటువంటివారి చేతుల్లో పడితే ఎవరైనా రాణిస్తారన్న వాదన వస్తుంది, అది తీసివేయదగ్గది కాదు. దీనికి రెండు తూకాలు ఉన్నాయి. ఒకటి, అదే దర్శకుడి దగ్గర ఆ నటి వేసిన మరో రకం పాత్రను చూడటం: బి.ఎన్.రెడ్డి తీసిన 'స్వర్గసీమ' (1945)లో ఆమె పెళ్ళయిన మగవాడిని సంసారం నుంచి తప్పించే రంగస్థల నటిగా కనిపిస్తారు. రెండోది, వేరొక దర్శకుడి దగ్గర చూడటం: ఆమె భర్త పి.ఎస్.రామకృష్ణారావు దర్శకత్వం వహించిన 'విప్రనారాయణ' (1954)లో భక్తుడిని తన వలలో వేసుకుంటానని పంతం పట్టిన దేవదేవి వేషం ఆమెది. మొదటిదానిలో బిగువు ఆకర్షణకు పనికివచ్చింది, రెండోదానిలో అణకువ అన్న ముసుగు కింద దాక్కుంది. ముగ్గురు స్త్రీలూ ఒకరికొకరు పోలిక లేనివారే గాని, వారి కింద ఉన్న పునాది ఒకటే. కనుక ఆ పునాది దర్శకులు ఇచ్చినది కాదు, ఆమె తెచ్చుకున్నదే. దానిని మల్లి అంత లేతగా మలచిన ఘనతలో మాత్రం బి.ఎన్.రెడ్డికి పెద్ద వాటా ఉందని ఇప్పటికీ అనుకుంటున్నాను.

వీలైతే ఆ సినిమాను హాల్లో చూసిన పెద్దవారిని ఒక్కరినైనా అడగాలి. 'ఎలా ఉంది' అని అడిగితే 'అప్పటి సినిమాలే వేరు' అన్న జవాబు తప్ప ఏమీ రాదు. ఒక ఘట్టాన్ని పట్టుకుని అడగాలి. మద్దిపాడు వైపు పెరిగిన మా మేనత్త టూరింగ్ టాకీసులో నేల టికెట్టు మీద ఈ సినిమా చూసింది. "అత్తా, మండపంలో పాట పాడినప్పుడు నీకు ఆమె పొగరుగా అనిపించలేదా?" అని అడిగాను. "పొగరేందిరా, మేనబావను మరదలు ఆ మాత్రం అదిలించకపోతే ఎట్టా? మేమందరం అట్టా మాట్లాడినవాళ్ళమే," అన్నది. నేను గొంతు గురించి రాసుకున్న పేజీలకు తట్టని సంగతి అది. మన ఇళ్ళలో మరదళ్ళు మాట్లాడే తీరును నేను తెర మీద గుర్తుపట్టలేకపోయాను. నటి పుట్టి పెరిగిన నేలకు దగ్గరగా ఉన్నవారికి ఈ రకం పెద్దల మాట ఏ వ్యాసం కంటే ఎక్కువగా ఉపయోగపడుతుంది.

చివరిగా పాత అభిప్రాయానికి కారణమైన సినిమాను, అదే టీవీ అమరికతో, మళ్ళీ చూడాలి. చాలామంది ఈ పని చేయరు. కొత్త ఇష్టం చెడిపోతుందన్న భయం కావచ్చు. నేను 'మంగమ్మగారి మనవడు' చూడటానికి ముందు, మధ్యకాలానికి ఒక వంతెనగా, రామారావు దర్శకత్వంలో 1974లో వచ్చిన 'తాతమ్మ కల' చూశాను. మల్లికి బావగా నటించిన ఆయనే ఆమెను తాతమ్మగా నిలబెట్టిన సినిమా అది. వరుసగా చూస్తే 26 ఏళ్ళ పిల్ల గొంతులో లోపలికి పట్టి ఉంచిన బిగువు, ముసలితనంలో తాళ్ళు వదులు చేసుకుని బయటికి వచ్చినట్టు నాకు వినిపించింది.

ఇదే వరుసను నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన రమణారెడ్డికో, కావలిలో పుట్టిన రాజనాలకో వర్తింపజేయవచ్చు. అయితే ఒకరు హాస్యానికి, మరొకరు ప్రతినాయక వేషాలకు ముద్రపడినవారు కనుక, వారి విషయంలో సినిమా ఎంపిక దగ్గర ఎక్కువ ఓపిక పట్టవలసి ఉంటుంది.

నా పాత కాగితం మీది మూడు వాక్యాల్లో మొదటిదాన్ని ఉంచాను గాని, 'ఒక మెట్టు పైన' అన్న మాటను కొట్టివేసి 'ఒక మెట్టు కూడా దిగకుండా' అని మార్చాను. రెండోదాన్ని పూర్తిగా తీసివేశాను. అలవాటుగా వాడుకుంటారన్న మూడోదాన్ని మాత్రం ఆమె చివరి దశ సినిమాలు కొన్నింటి విషయంలో ఇప్పటికీ తీయలేదు. అత్త ఆ కాగితం చదివించుకుని, ఆ ఒక్క వాక్యానికి నాతో రెండు రోజులు సరిగా మాట్లాడలేదు.