ఇంగ్లండ్‌లో సమ్మర్ సెలవలకి ఆటిజం ఉన్న మా బాబుకి క్లబ్ ఎలా దొరికిందంటే
ఆరు వారాల సెలవలు, ఇద్దరికీ ఉద్యోగాలు, ఏ హాలిడే క్లబ్‌ని (సెలవల్లో పిల్లల్ని పగలు చూసుకునే చోటు) అడిగినా వన్-టు-వన్ స్టాఫ్, అంటే బాబు ఒక్కడి కోసమే ఉండే మనిషి, లేరనే మాటే. చైల్డ్‌మైండర్లు (తమ ఇంట్లో పిల్లల్ని చూసుకునేవాళ్లు), వాట్సాప్ గ్రూపులు, అత్తయ్యగారిని రప్పించడం ఏదీ కుదర్లేదు. చివరికి కౌన్సిల్ వెబ్‌సైట్‌లో లోకల్ ఆఫర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి ఆ ఊళ్లో దొరికే సాయాల జాబితా) పేజీ తీసి, ఇలాంటి పిల్లల కుటుంబాలకి కాస్త ఊరట ఏర్పాటు చేసే షార్ట్ బ్రేక్స్ టీమ్‌కి మెయిల్ పెట్టా, మేం చూసుకున్న మామూలు క్లబ్‌కే సపోర్ట్ వర్కర్ ఖర్చు ఇస్తారా అని సూటిగా అడిగి, డీఎల్ఏ (వైకల్యం ఉన్న పిల్లలకి ప్రభుత్వం ఇచ్చే భత్యం) లెటర్, ఈహెచ్‌సీ ప్లాన్ (బాబుకి చదువులో, ఆరోగ్యంలో, సంరక్షణలో ఏ సాయం కావాలో కౌన్సిల్ రాసిచ్చే పత్రం) జత చేశా. కౌన్సిల్ వాళ్లు సరే అన్నాకే క్లబ్‌కి ఫోన్ చేశా (అప్పుడు క్లబ్ వాళ్ల గొంతే మారిపోయిందిలెండి). తర్వాత ట్యాక్స్-ఫ్రీ చైల్డ్‌కేర్ (పిల్లల సంరక్షణ ఖర్చుకి మనం వేసే డబ్బుకి ప్రభుత్వం కొంత కలిపే స్కీమ్) అకౌంట్‌లో డీఎల్ఏ సంగతి చెప్పా, అలాగైతే ఏడాదికి 2,000 బదులు 4,000 పౌండ్ల దాకా టాపప్ వస్తుంది, కాకపోతే క్లబ్ ఆఫ్‌స్టెడ్‌లో (స్కూళ్లని, పిల్లల సంరక్షణ చోట్లని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్టర్ అయ్యి ఈ స్కీమ్‌లో కూడా ఉండాలి. మీ కౌన్సిల్ ఒప్పుకుంటుందో లేదో చెప్పలేను, రూల్స్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఈస్టర్ టైమ్‌కే అడిగి పెట్టుకోండి.