చరిత్ర చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: 1983 బ్రిటన్ ఫలితాల పట్టిక

గత పాఠంలో 1978–79 చలికాలం దగ్గర ఆగాం. లారీ డ్రైవర్లు, ఆసుపత్రి సిబ్బంది, చెత్త ఎత్తే కార్మికులు వరసగా సమ్మెకు దిగారు. 1979 మార్చి 28న జేమ్స్ కాలహన్ లేబర్ ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంలో 311–310తో, అంటే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. మే 3న ఎన్నికలు జరిగాయి, కన్సర్వేటివ్ పార్టీ నాయకురాలు మార్గరెట్ థాచర్ ప్రధాని అయ్యారు. ఈసారి ఆ తర్వాతి ఎన్నిక, 1983 జూన్ 9ది తీసుకుని ఫలితాల పట్టికను చదవడం నేర్చుకుందాం. కాగితం, కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

ఈ ఎన్నిక గురించి తరచూ వినిపించే మాట: ఫాక్‌లాండ్స్ యుద్ధం గెలిచినందుకు జనం థాచర్‌కు బ్రహ్మరథం పట్టారని. 1982 ఏప్రిల్‌లో అర్జెంటీనా ఆక్రమించిన ఆ దీవులను బ్రిటన్ జూన్ 14 కల్లా తిరిగి దక్కించుకుంది. మరుసటి ఏడాదే ఎన్నిక. సీట్లు చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది: 1979లో 635లో 339 ఉన్నవి, 1983లో 650లో 397 అయ్యాయి.

ఇప్పుడు సీట్ల గడి మీద చెయ్యి అడ్డం పెట్టి ఓట్లు మాత్రమే చూడండి. కన్సర్వేటివ్‌లకు 1979లో 43.9 శాతం, 1983లో 42.4 శాతం. ఓట్ల సంఖ్య సుమారు 1.37 కోట్ల నుంచి 1.30 కోట్లకు దిగింది. ఆరున్నర లక్షలకు పైగా ఓట్లు పోగొట్టుకున్న పార్టీకి 58 సీట్లు పెరిగాయి! ఇక్కడ కాసేపు ఆగి, ఎలా సాధ్యమో మీరే ఊహించి రాసుకోండి.

జవాబు ప్రతిపక్షంలో ఉంది. 1981లో రాయ్ జెంకిన్స్, షిర్లీ విలియమ్స్, డేవిడ్ ఓవెన్, బిల్ రోజర్స్ లేబర్ నుంచి బయటికొచ్చి సోషల్ డెమోక్రటిక్ పార్టీ పెట్టారు, లిబరల్ పార్టీతో పొత్తు కుదుర్చుకున్నారు. 1983లో లేబర్‌కు 27.6 శాతం ఓట్లు, 209 సీట్లు వచ్చాయి. ఈ కూటమికి 25.4 శాతం ఓట్లు వచ్చినా దక్కింది 23 సీట్లే. వ్యతిరేక ఓటు చీలిపోయింది. లేబర్ అభ్యర్థుల్లో 119 మందికి డిపాజిట్లు గల్లంతయ్యాయి.

పార్టీ ఓట్లను సీట్లతో భాగించండి. కన్సర్వేటివ్‌లకు ఒక్కో సీటుకు సుమారు 33 వేల ఓట్లు పడ్డాయి, లేబర్‌కు 40 వేలు, కూటమికి 3,38,000. కారణం, లేబర్ ఓటు పారిశ్రామిక ప్రాంతాల్లో గుంపుగా ఉంది, కూటమి ఓటు దేశమంతా పలచగా పరుచుకుంది. 300కు పైగా నియోజకవర్గాల్లో కూటమి రెండో స్థానంలో ఆగిపోయింది. ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలిచే ఈ పద్ధతిని మనమూ బ్రిటన్ నుంచే తెచ్చుకున్నాం. 2024 ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో 39 శాతానికి పైగా ఓట్లు వచ్చిన పార్టీకి 175లో 11 సీట్లే రావడం గుర్తుండే ఉంటుంది.

అయితే తొందరపడి, యుద్ధం వల్ల థాచర్‌కు ఏమీ కలిసిరాలేదని రాసేయకండి. దేనితో పోలుస్తున్నామన్నది ముఖ్యం. 1979తో పోలిస్తే ఆమె ఓటు తగ్గింది. 1981 చివరి సర్వేలతో పోలిస్తే బాగా పెరిగింది, అప్పట్లో ముందున్నది కూటమే. ఈ కోలుకోవడంలో యుద్ధం వాటా ఎంత, ద్రవ్యోల్బణం తగ్గడం వాటా ఎంత అన్నదాని మీద చరిత్రకారుల వాదన ఇంకా తెగలేదు. 1980లో 20 శాతం దాటిన ద్రవ్యోల్బణం ఎన్నికల నాటికి 5 శాతం లోపుకు వచ్చింది. ఎందుకు ఓటేశారన్నది పట్టికలో దొరకదు.

ఇంత చిన్న లెక్క మీద ఇంతసేపు నిలబెట్టడానికి కారణం ఉంది. 1982 జనవరిలో బ్రిటన్‌లో నిరుద్యోగులు 30 లక్షలు దాటారు. ఉత్తర ఇంగ్లండ్‌లో, స్కాట్లండ్‌లో, వేల్స్‌లో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 397 సీట్లు చూసి దేశమంతా థాచర్ విధానాలకు ఒప్పుకుందని రాస్తే, ఒప్పుకోని సగానికి పైగా ఓటర్లను చరిత్రలోంచి కొట్టేసినట్టే. ఇది పెద్ద అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే, ఎక్కడైనా ‘ప్రజా తీర్పు’ అన్న మాట కనిపిస్తే పక్కన ఓట్ల శాతం రాసుకునే అలవాటు చేసుకోండి.

అభ్యాసం: గని కార్మికుల సమ్మె, వారానికి మూడు రోజుల పని నడుస్తుండగా ప్రధాని ఎడ్వర్డ్ హీత్ 1974 ఫిబ్రవరి 28న ఎన్నికలకు వెళ్లారు. కన్సర్వేటివ్‌లకు సుమారు 1,18,72,000 ఓట్లు, 297 సీట్లు. లేబర్‌కు 1,16,46,000 ఓట్లు, 301 సీట్లు. లిబరల్స్‌కు 60,60,000 ఓట్లు, 14 సీట్లు. ఒక్కో పార్టీకి సీటుకు ఎన్ని ఓట్లు పడ్డాయో లెక్కకట్టండి. తర్వాత ‘ఈ ఎన్నికలో ఎవరు గెలిచారు?’ అనే ప్రశ్నకు ఐదు వాక్యాల్లో జవాబు రాయండి. ‘ప్రభంజనం’, ‘తిరస్కారం’ అనే మాటలు వాడకూడదు. వచ్చే పాఠంలో 1984–85 గని కార్మికుల సమ్మెకు వెళ్దాం. ఒకే రోజు ఘటనను రెండు పక్షాలు రెండు రకాలుగా చెప్పినప్పుడు ఏం చేయాలో అక్కడ చూద్దాం.