అత్యవసర సంచి సర్దే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఆపద వేళ ఇల్లు విడిచి వెళ్లాల్సి వస్తే వెంటనే చేతికి అందేలా సర్ది ఉంచుకునేదే అత్యవసర సంచి. అందులో ఏమేమి పెట్టాలో రాసుకునే ముందు, ఇంట్లో ఎంతమంది ఉన్నారో, వారిలో పసిపిల్లలు, వృద్ధులు, రోజూ మందులు వాడేవారు ఎవరో చూసుకోవాలి.

అన్నిటికంటే ముందు నీటి సంగతి తేల్చుకోండి. కరెంటు పోతే మోటారు ఆగుతుంది, ట్యాంకు ఖాళీ అయ్యాక కుళాయిల్లో నీళ్లు రావు, లిఫ్టు కూడా నడవదు కనుక పై అంతస్తులకు బిందెలు మోయడం పెద్దవారి వల్ల కాదు. అందువల్ల తాగడానికి, వంటకు, కనీస శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు సుమారు 4 లీటర్ల చొప్పున కనీసం 3 రోజులకు సరిపడా నీటిని ఇంట్లో విడిగా నిల్వ ఉంచండి. అంత బరువు సంచిలో మోయడం కష్టం; సంచిలోకి ఒకటి రెండు సీసాలు చాలు.

టార్చిలైటులో బ్యాటరీలు వేసి వదిలేయకండి. నెలల తరబడి అలాగే ఉంటే అవి కారి, లోపలి స్ప్రింగుకు తెల్లటి పొడి పట్టి, తీరా అవసరమైన రాత్రి లైటు వెలగకపోవచ్చు. కొవ్వొత్తులను నమ్ముకోవద్దు, గ్యాసు లీకైన ఇంట్లో అగ్గిపుల్ల గీయడమే ప్రాణాంతకం.

మందుల గడువు తేదీలు సరిచూసుకోండి. గుర్తింపు పత్రాల నకళ్లు, కొంత చిల్లర, ముఖ్యమైన ఫోన్ నంబర్లు రాసిన కాగితం నీరు చొరని కవరులో ఉండాలి, ఎందుకంటే చార్జింగు అయిపోయిన ఫోనులో ఏ నంబరూ దొరకదు. పవర్‌బ్యాంకును కొన్ని నెలలకోసారి చార్జి చేస్తూ ఉండాలి.

అన్నీ సర్దాక, ఆ సంచిని భుజాన వేసుకుని ఒకసారి మెట్ల మీదుగా కిందికి దిగి చూడండి. మధ్యలోనే ఆయాసం వస్తే బరువు తగ్గించండి.