బిషప్ మరో మేత్రాసనానికి బదిలీ అయినప్పుడు మేత్రాసన కార్యాలయం చేయవలసిన పనులు

లాటిన్ రీతి కతోలిక శ్రీసభలో బిషప్‌ను ఒక మేత్రాసనం (ఒక బిషప్ పాలనలో ఉండే ప్రాంతం) నుండి మరొక మేత్రాసనానికి బదిలీ చేసే అధికారం పోప్‌ది. ప్రకటన వెలువడగానే పాత పీఠం, అంటే అక్కడి బిషప్ స్థానం, ఖాళీ అయిందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. బిషప్ కొత్త మేత్రాసన బాధ్యతను చట్టబద్ధంగా స్వీకరించిన రోజునే పాత పీఠం ఖాళీ అవుతుంది. అందువల్ల బదిలీ వార్త అధికారికంగా అందిన తేదీని, బాధ్యత స్వీకరించిన తేదీని రికార్డులో విడివిడిగా రాసి ఉంచండి. 1983 నాటి శ్రీసభ చట్టసంహితలోని 418వ నిబంధన ప్రకారం ఈ రెండింటి మధ్య గడువు రెండు నెలలు.

ఎక్కువ జాగ్రత్త కావలసింది ఈ మధ్యకాలంలోనే. బిషప్ పాత చోటనే ఉన్నా, ఆయనకు అప్పుడు ఉండేది ఖాళీ పీఠాన్ని చూసుకునే అడ్మినిస్ట్రేటర్‌కు ఉండే అధికారం మాత్రమే. బిషప్ తరఫున పాలన చూసే వికార్ జనరల్ అధికారం కూడా వార్త అందిన నాడే ఆగిపోతుంది. సహాయ బిషప్ ఆ పదవిలో ఉంటే మాత్రం మినహాయింపు ఉంది. కాబట్టి వెళ్లే ముందు విచారణల (స్థానిక చర్చి సముదాయాల) గురువుల నియామకాలన్నీ పూర్తి చేద్దామన్న తొందర ఎంత సదుద్దేశంతో కలిగినా, సంతకానికి ఫైలు పంపకండి. రాబోయే బిషప్ చేతులు కట్టేయకూడదన్నదే ఈ నియమం ఉద్దేశం, అది న్యాయమైనదని నా నమ్మకం. బిషప్‌కు రావలసిన జీవనభృతి మాత్రం అప్పటివరకు పూర్తిగా చెల్లించాలి.

బదిలీలను శ్రీసభ ఎన్నడూ తేలికగా తీసుకోలేదు. 325లో నీకయా మహాసభ తన 15వ నిబంధనలో బిషప్‌లు ఒక పట్టణం నుండి మరొక పట్టణానికి మారడాన్నే నిషేధించింది. పోర్టో బిషప్‌గా ఉండి రోమ్ పీఠానికి వచ్చిన పోప్ ఫార్మోసస్‌పై, ఆయన మరణించాక 897లో జరిపిన న్యాయవిచారణలో, ఆ మార్పే ఒక నేరారోపణ అయింది.

కొత్త మేత్రాసనంలో, ఛాన్సలర్ (మేత్రాసన రికార్డులు చూసే అధికారి) సమక్షంలో సలహా గురువుల మండలికి పోప్ నియామక పత్రాన్ని చూపడంతో బాధ్యత స్వీకారం పూర్తవుతుంది. ఛాన్సలర్ దాన్ని అక్కడే నమోదు చేయాలి. ఈ కార్యాన్ని ప్రధాన దేవాలయంలో, గురువులు, విశ్వాసులు కూడిన పూజలో జరపాలని చట్టం గట్టిగా సూచిస్తోంది. బదిలీ అయినవారు ఆర్చిబిషప్ అయి, మరో ఆర్చిబిషప్ పీఠానికే వెళ్తుంటే, పాత పాలియం (ఆర్చిబిషప్ భుజాలపై ధరించే ఉన్ని పట్టీ) చెల్లదు, కొత్తది కోరాలి.

బిషప్ కొత్త బాధ్యత స్వీకరించి పీఠం ఖాళీ అయిన వార్త పాత మేత్రాసనానికి చేరిన 8 రోజులలోగా సలహా గురువుల మండలి అడ్మినిస్ట్రేటర్‌ను ఎన్నుకోవాలి. ఆయన గురువై, 35 ఏళ్లు నిండినవారై ఉండాలి. ఎన్నిక గడువులోగా జరగకపోతే నియామకం ఆ ప్రాంతపు ఆర్చిబిషప్‌కు దక్కుతుంది. బిషప్‌కు సలహా ఇచ్చే విస్తృత గురువుల సభ మాత్రం పీఠం ఖాళీ అయిన నాటితో రద్దవుతుంది. దివ్యబలిపూజలో పోప్ పేరు తరువాత చెప్పే స్థానిక బిషప్ పేరును కూడా పీఠం ఖాళీ అయిన రోజు నుండే ఆపాలని, అంతకు ముందు కాదని, అన్ని విచారణలకూ రాతపూర్వకంగా తెలియజేయండి.