వానాకాలంలో చెక్క గడియారం: ఆగితే బరువు పెంచకండి

ఈ మధ్య మన విశాఖలోనే ఒక ఇంట్లో గోడకి వేలాడే చెక్క గడియారాన్ని నడిపే బరువు గుండు జారి, కింద కూర్చుని బొమ్మలు వేసుకుంటున్న పిల్లాడి కాలి మీద పడింది. బొటనవేలు చితికిపోయింది. స్క్రోల్ సాతో, అంటే సన్న బ్లేడు పైకీ కిందకీ ఆడే రంపంతో, ఒక్కో పన్నూ కోసి, రుద్ది, నెలల తరబడి ఇష్టంగా చేసిన గడియారం అది. వేసవంతా చక్కగా నడిచింది. తొలి వానలకి ఆగింది. రెండున్నర కిలోల గుండు మూడున్నర అయింది. నడిచింది. పది రోజులకి మళ్లీ ఆగింది. ఈసారి ఐదు కిలోలు. సాయంత్రం కీ తిప్పి చెయ్యి వదిలేసరికి రాచెట్ కొక్కెం, అంటే డ్రమ్ము వెనక్కి తిరగకుండా ఆపేది, పుటుక్కున విరిగింది. గుండు తాడు చుట్టిన డ్రమ్ము గిర్రున తిరిగిపోయింది.

స్క్రోల్ సా పట్టినవాళ్లకి కళ్లద్దాలు, మాస్కు సంగతి చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒక్కటే, అదే చాలామంది వినరు. గడియారం ఆగితే బరువు పెంచకండి. వెనకపడినా పెంచకండి. ఆగడానికి కారణం కనిపించనప్పుడు అసలే పెంచకండి.

వానలకి ఎందుకు ఆగుతుంది

చెక్క తేమని పీల్చుకుని ఉబ్బుతుంది. అయితే అన్ని వైపులా ఒకేలా ఉబ్బదు. నార వెంట దాదాపు కదలదు, నారకి అడ్డంగానే పెరుగుతుంది. ఏసీ నడిచే గదిలో గాలి తేమ 60 శాతం దగ్గర ఉంటే చెక్కలో తేమ 10, 11 శాతం ఉంటుంది. బీచ్ వైపు కిటికీ తీసి ఉంచిన హాల్లో, వాన ముసురులో గాలి తేమ 85 దాటితే చెక్క తేమ 17 శాతం దాకా వెళ్తుంది. టేకు పలక నుంచి కోసిన 160 మి.మీ. చక్రం ఈ తేడాకి అడ్డంగా సుమారు 2 మి.మీ. పెరుగుతుంది, నిలువునా అలాగే ఉంటుంది. అంటే చక్రం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 64 పళ్ల చక్రం, దానితో కలిసే 8 పళ్ల పినియన్ (చిన్న పళ్ల చక్రం), మాడ్యూల్ (పంటి సైజు కొలత) 2.5 అనుకుందాం. ఇరుసుల మధ్య దూరం 90 మి.మీ. పంటి కొనకీ ఎదుటి పంటి మొదలుకీ మధ్య వదిలే ఖాళీ 0.6 మి.మీ. చక్రం పెద్దదైన వైపు అంచు 1 మి.మీ. ముందుకి వచ్చింది. ఖాళీ కంటే ఎక్కువ. ఫ్రేము పలకని నార నిలువుగా పెట్టి కోస్తాం కాబట్టి ఇరుసుల మధ్య దూరం మాత్రం మారలేదు. పన్ను వెళ్లి పినియన్ మొదట్లో బిగుసుకుంటుంది. ఆ చోట ఇరుక్కున్న పంటి మీద ఎన్ని కిలోలు వేలాడదీసినా చక్రం చిన్నదవదు.

బరువు పెంచితే ఏమవుతుందో కూడా చూడండి. డ్రమ్ము 40 మి.మీ., దాని చక్రం 160 మి.మీ. అయితే 3 కిలోల గుండు పంటి మీదకి ముప్పావు కిలోగా వస్తుంది. 6 కిలోలు చేస్తే కిలోన్నర. ఇరుసుల రాపిడి కూడా అదే లెక్కన పెరుగుతుంది, కాబట్టి అనుకున్నంత లాభం ఉండదు. నష్టం మాత్రం రాచెట్ దగ్గర పోగుపడుతుంది. కీ తిప్పి వదిలినప్పుడు గుండు రెండు మూడు మి.మీ. కిందకి జారి కొక్కెం మీద ఆగుతుంది. ఆ కుదుపు అసలు బరువుకి రెండింతలకి తక్కువ కాదు. ఐదు కిలోల గుండు కొక్కెం మీద పది కిలోల పైన తగిలినట్టే. ఇక 1.2 మీటర్ల ఎత్తు నుంచి జారిన గుండు నేలని తాకేసరికి దాని వేగం సెకనుకి దాదాపు 5 మీటర్లు. పడేది అర సెకనులో. పిల్లాణ్ని లాగే సమయం ఉండదు.

అందుకే మళ్లీ చెబుతున్నాం: ఆగితే బరువు పెంచకండి. రెండు రోజులు ఆగండి. చక్రాలు విప్పి ఏసీ గదిలోనో, సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలోనో ఉంచి, తిరిగి పాత బరువుతోనే బిగించి చూడండి. నడిచిందా, తప్పు తేమది. నడవలేదా, ఎక్కడో పన్ను తగులుతోంది.

ఏ పన్నో గడియారమే చెబుతుంది

సెకను లోలకం, 30 పళ్ల ఎస్కేప్ చక్రం (లోలకం ఊపుకి ఒక్కో పన్నే వదిలే చివరి చక్రం) ఉన్న గడియారంలో ఎస్కేప్ చక్రం నిమిషానికి ఒక చుట్టు తిరుగుతుంది. దాని ముందరి 60 పళ్ల చక్రం 8 పళ్ల పినియన్‌ని తిప్పుతుంది కాబట్టి ఏడున్నర నిమిషాలకి ఒక చుట్టు. నడిమి 64 పళ్ల చక్రం గంటకి ఒకటి. ఆగిన ప్రతిసారీ టైము రాసిపెట్టుకోండి. ఎప్పుడూ ఒకే సెకను దగ్గర ఆగితే ఎస్కేప్ చక్రం చూడండి. ఆగిన టైముల మధ్య తేడా ఏడున్నర నిమిషాల లెక్కకి వస్తే ఆ 60 పళ్ల చక్రం. ఎప్పుడూ గంటలో ఒకే నిమిషం దగ్గర ఆగితే నడిమి చక్రం, లేదా ముల్లు ముల్లుకి తగలడం. ఏ లెక్కకీ రాకుండా ఆగుతుంటే గడియారం గోడ మీద ఓరగా ఉంది. టిక్కుకీ టాక్కుకీ మధ్య విరామం సమంగా లేదు, ముందు దాన్ని సరిచేయండి.

చక్రం తెలిశాక మెత్తటి 6బి పెన్సిల్‌తో పళ్ల పక్కలు నల్లగా రుద్ది, చేత్తో మెల్లగా తిప్పండి. తగిలే చోట పెన్సిల్ నలుపు మెరుస్తుంది. బద్దకి అంటించిన 320 నంబరు ఎమరీతో అక్కడ రెండు మూడు సార్లు గీయండి, అంతే. వానలో ఎక్కువ అరగదీస్తే డిసెంబరులో పళ్లు వదులై గడగడలాడతాయి.

చెక్క కొనేటప్పుడు

పళ్ల చక్రాలకి టేకు వద్దు, మామిడి వద్దు, ఏ పలకా వద్దు. ప్లైవుడ్ వాడండి. అడ్డం నిలువు పొరలు ఒకదాన్నొకటి పట్టి ఉంచుతాయి కాబట్టి వెడల్పులో చాలా తక్కువ కదులుతుంది. 6 మి.మీ. ప్లైకి కనీసం 5 పొరలుండాలి, 3 పొరలది తీసుకోవద్దు. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై జిగురు తేమకి ఊడదు. కానీ ముద్ర చూసి సరిపెట్టుకోకండి, అంచు చూడండి. లోపలి పొరల్లో సందులుంటే ఆ సందు సరిగ్గా పంటి మొదట్లో పడుతుంది. పన్ను గోటితో నొక్కితేనే వచ్చేస్తుంది. పూర్ణా మార్కెట్లో కొన్నా, ఇంకెక్కడ కొన్నా షాపులోనే రూపాయి బిళ్లతో షీటంతా తట్టి చూడండి. బోలుగా మోగిన ముక్క తీసుకోవద్దు.

తెచ్చిన షీటుని అదే రోజు కోయకండి. గడియారం ఏ గదిలో వేలాడాలో ఆ గదిలోనే, షీట్ల మధ్య బద్దలు పెట్టి, నిలువుగా మూడు వారాలు ఉంచండి. ఏసీ గదిలో ఆరబెట్టి హాల్లో వేలాడదీస్తే ఆరబెట్టిన శ్రమంతా వృథా.

గుండ్రటి భాగాలకి, అంటే డ్రమ్ముకీ పిడులకీ, ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్ర బాగుంటుంది. మెత్తగా, సన్న నారతో లేత్ మీద నునుపుగా వస్తుంది. ఆ మెత్తదనం వల్లే పళ్లకి మాత్రం పనికిరాదు.

ఇరుసులకి మామూలు ఇనుప తీగ వాడితే సముద్రపు గాలికి ఒక్క వానాకాలంలోనే తుప్పు పట్టి, రంధ్రంలో ఎర్రపొడి పేరుకుంటుంది. 3 మి.మీ. స్టెయిన్‌లెస్ రాడ్డు, రంధ్రంలో కూర్చునే ఇత్తడి బుష్ వాడండి. ఆటోనగర్ లేత్‌ల వాళ్లు చిన్న పని ఒప్పుకుంటే బుష్‌లు అక్కడే చేయించుకోవచ్చు.

కోసేటప్పుడు

నమూనా కాగితం వాన గాలికి సాగుతుంది. ప్రింటులో 100 మి.మీ. గీత ఉంచుకుని, అంటించే ముందు స్కేలుతో కొలవండి. నీళ్ల జిగురుతో అంటించకండి, కాగితం ఇంకా సాగుతుంది.

ముందు మధ్య రంధ్రం. బెంచ్ డ్రిల్ మీదే, చేతి డ్రిల్‌తో కాదు. పళ్లు కోశాక రంధ్రం వేస్తే కేంద్రం అర మి.మీ. తప్పినా సరిదిద్దే దారి లేదు. తర్వాత లోపలి ఖాళీలు కోసి చక్రం ఆకులు తేల్చండి, పళ్లు చివర్లో. అప్పటిదాకా పట్టుకోవడానికి చుట్టూ చెక్క ఉంటుంది.

టేబుల్ బ్లేడుకి 90 డిగ్రీల్లో ఉందో లేదో మూలమట్టం కంటే ఈ పరీక్ష బాగా చెబుతుంది. మందమైన తునకలో బ్లేడుతో కొంచెం గాటు పెట్టి ఆపండి. తునకని వెనక్కి తిప్పి అదే గాటుని బ్లేడు వెనక వైపు నుంచి ఎక్కించండి. సాఫీగా దూరితే టేబుల్ సరిగ్గా ఉన్నట్టు. వాలుగా కోసిన పళ్లు ఒక ముఖం మీద కలిసి రెండో ముఖం మీద బిగుస్తాయి. అప్పుడు గడియారం ఆగుతుంది, అప్పుడే చెయ్యి బరువు మీదకి పోతుంది.

20 మి.మీ. పినియన్‌ని విడి ముక్కగా కోయకండి. వేళ్లు బ్లేడుకి మరీ దగ్గరవుతాయి, పైకి లేచే బ్లేడు చిన్న ముక్కని ఎత్తి కొడుతుంది. 100 మి.మీ. తునక మీద రెండు వైపుల టేపుతో అంటించి కోయండి.

ఇక మిగిలినవి వరసగా:

కోత మధ్యలో కరెంటు పోతే ముందు స్విచ్ ఆపండి, తర్వాతే ముక్క ముట్టుకోండి. ఈదురుగాలుల రోజుల్లో కరెంటు పోయినంత వేగంగా వస్తుంది.

టేబుల్ ముట్టుకుంటే చేతికి జివ్వుమందా, ఆ రోజుకి పని బంద్. ఎర్తింగ్ చూపించాకే మళ్లీ ప్లగ్ పెట్టండి.

చక్రాలకి చపడా (లక్క) పాలిష్ రెండు పలచటి పూతలు, రెండు ముఖాలకీ సమంగా. ఒక వైపే పూస్తే చక్రం పళ్లెంలా వంగుతుంది.

పళ్లకి నూనె వద్దు. కొబ్బరి నూనె వద్దు, కుట్టు మిషను నూనె వద్దు. చెక్క ఉబ్బుతుంది, రేవు వైపు ఇళ్లలో కిటికీ గట్ల మీద పేరుకునే నల్లదుమ్ము దాని మీద ముద్ద కడుతుంది.

ప్రతి ఇరుసుకీ ముందుకీ వెనక్కీ 1 మి.మీ. ఆట ఉంచండి. ప్లై మందం కూడా వానకి పెరుగుతుంది.

బరువు వేలాడదీసే ముందు రెండేసి ఇరుసులు బిగించి చూడండి. ఊదితే తిరగాలి. ఆగేటప్పుడు టక్కున ఆగకూడదు, కొంచెం వెనక్కి ఊగి ఆగాలి. అలా ఆగని జతని గుండుతో లాగించాలని చూడకండి.

రాచెట్ కొక్కెం నార పొడవు వెంటే ఉండాలి. అడ్డంగా ఉంటే పారేయండి. 2 మి.మీ. ఇత్తడి రేకుతో చేస్తే ఇంకా మంచిది.

గుండు తియ్యకుండా యాంకర్ (ఎస్కేప్ చక్రాన్ని ఆపి వదిలే కొక్కెం) ఊడదీయకండి. ఆపేది లేక చక్రాలన్నీ ఒక్కసారిగా పరుగెత్తుతాయి, పళ్లు రాలి మొహం మీదకి వస్తాయి. ముందు గుండు, తర్వాత యాంకర్. ఎప్పుడూ ఇదే వరస.

గుండు కోసం ఇంట్లో సీసం కరిగించకండి.

విదేశీ నమూనాల్లో లోలకం పొడవు 994 మి.మీ. అని ఉంటుంది. మన అక్షాంశంలో భూమి లాగే బలం కొంచెం తక్కువ, సెకను లోలకానికి 991 సరిపోతుంది. 994 ఉంచితే రోజుకి దాదాపు రెండు నిమిషాలు వెనకపడుతుంది. అప్పుడు లోలకం గుండు కింద ఉన్న నట్టు తిప్పి పొడవు తగ్గించండి. బరువు పెంచకండి.

గోడకి పెచ్చులూడే ప్లాస్టర్‌లో మేకు కొట్టి వేలాడదీయకండి. ఇటుక దాకా డ్రిల్ చేసి, ప్లగ్ పెట్టి, 50 మి.మీ. స్క్రూలు రెండు బిగించండి.

గుండు తాడు అల్లిక నైలాన్, 2 మి.మీ. ముడి దగ్గర పీచు లేస్తే అదే రోజు మార్చండి.

గుండు కింద నేల ఖాళీగా ఉండకూడదు. ఇసుక పోసిన చెక్క పెట్టె పెట్టండి, పిల్లలు అక్కడ కూర్చోలేనంత ఎత్తుగా. పసిపిల్లలున్న ఇంట్లో గుండు చుట్టూ నిలువు గూడు కట్టించండి.

ఊరెళ్తే గుండు దింపి వెళ్లండి. అక్టోబరు, నవంబరులో తుపాను హెచ్చరిక వచ్చినా దింపండి.

గుండు మీద అసలు బరువు ఎంతో పెయింటుతో రాసి ఉంచండి. ఇంట్లో ఇంకెవరైనా గడియారం ఆగిందని ఇనుప ముక్కలు వేస్తే, కీ తిప్పే ముందే మీకు తెలియాలి.