సారె లేని కుండ: పిల్లలతో ప్యూబ్లో పద్ధతి

పలమనేరు వైపు కుమ్మరి సారె మీద కుండ లేవడం చూసిన పిల్లలు, సారె లేకుండానూ కుండ అవుతుందంటే నమ్మరు. అమెరికాలో, న్యూమెక్సికోలోని ప్యూబ్లో మూలవాసులు మన్నును తాళ్లుగా చేసి, చుట్టి, చేతులతోనే కుండ కడతారు. ఇంటిల్లిపాదీ పంచుకునే పని అది. శాన్ ఇల్డెఫోన్సో అనే ప్యూబ్లో ఊళ్లో మరియా మార్టినెజ్ కుండ చేస్తే, భర్త జూలియన్ దాని మీద బొమ్మలు వేసేవాడు. అందుకే పిల్లకో కుండ వద్దు. ఇంటికో కుండ, మనిషికో పని ఇవ్వండి.

3 కిలోల ఎండిన చెరువు బంకమన్ను చాలు. దంచి జల్లించి, ఐదు గిన్నెల మన్నుకు ఒక గిన్నె పాత కుండపెంకుల పొడి కలపండి. ఆకోమా అనే ప్యూబ్లో ఊళ్లోనూ పాత పెంకులే నూరి కలుపుతారు. పొడి తక్కువైతే మన్ను బాగా కుదించుకుపోయి చీలుతుంది. చపాతీ పిండికన్నా కాస్త గట్టిగా పిసికి, తడిగుడ్డలో 2 రోజులు ఉంచండి. తాడు చేసి వేలికి చుట్టి చూడండి: పగిలితే నీళ్లు చాల్లేదు, అంటుకుంటే ఇంకా ఆరాలి.

మూకుట్లో బూడిద చల్లి అడుగు పరిచి, చిటికెనవేలంత తాళ్లు చుట్టుకుంటూ రండి. అసలు కష్టమంతా అతుకులోనే. ప్రతి వరసనూ లోపలినుంచి బొటనవేలితో కిందికి లాగి కలపాలి. పిల్లలు తొందరపడి పైన నొక్కి వదిలేస్తారు, ఎండాక సరిగ్గా అక్కడే వలయంలా ఊడొస్తుంది. మూడు వరసలకోసారి అరగంట ఆరనివ్వకపోతే గోడ కుంగుతుంది.

కాస్త గట్టిపడ్డాక ఎండు సొరబుర్ర ముక్కతో గీకి, నీడలో వారం ఆరబెట్టండి. మన ఎండలో పెడితే అంచు ముందే ఎండి బీటలిస్తుంది. తర్వాత వడగట్టిన ఎర్రమన్ను పూత వేసి, తడి మెరుపు పోగానే నున్నటి గులకరాయితో రుద్దండి. ప్యూబ్లో ఇళ్లలో ఈ రాయి తల్లినుంచి కూతురికి వస్తుంది. మీరూ దాచిపెట్టండి. బొమ్మలు మాత్రం వాళ్లవి దించవద్దు, అవి ఆ కుటుంబాల సొత్తు. మీ వాకిట్లో వేసే ముగ్గే వేయించండి.

మిగిలిన మన్నుతో ఒళ్లో పిల్లలున్న అవ్వను చేయించండి. కొచిటీ అనే మరో ప్యూబ్లో ఊళ్లో హెలెన్ కోర్డెరో 1964లో కథలు చెప్పే తాతను ఇలాగే చేసింది. బొమ్మ లోపల బోలుగా ఉండాలి, అడుగున బెజ్జం పెట్టాలి.

కాల్చడం పెద్దల పని. ఏమాత్రం తడి మిగిలినా ఆవిరై కుండ పేలుతుంది, కాబట్టి ముందు సెగ పక్కన గంటసేపు వెచ్చబెట్టి, తర్వాతే చుట్టూ పిడకలు పేర్చండి. కార్తీకం వానల్లో వద్దు, తడి పిడకలు పొగే ఇస్తాయి. మంట ఆరినా తెల్లారేదాకా బూడిద కదపకండి. ఈ కుండలో నీళ్లు నిలవవు, ఊరుతాయి. గింజలు పోసుకోవచ్చు.