పిల్లల్లో దీర్ఘకాలిక ఎముక వాపు: మందులు వాడవలసిన తీరు

సూక్ష్మజీవి ఏదీ లేకుండానే పిల్లల ఎముకల్లో పదేపదే వాపు, నొప్పి కలిగించే జబ్బును వైద్యులు సీఆర్ఎంఓ (క్రానిక్ రికరెంట్ మల్టీఫోకల్ ఆస్టియోమైలైటిస్) అంటారు. పరీక్షలన్నీ చూసి ఇన్ఫెక్షన్, క్షయ, బ్లడ్ క్యాన్సర్ కావని నిర్ధారించాక, దీనికోసం యాంటీబయాటిక్స్ కొనసాగించడం వల్ల ప్రయోజనం ఉండదు.

చికిత్స సాధారణంగా నాప్రోక్సెన్ వంటి నొప్పి, వాపు తగ్గించే మందుతో మొదలవుతుంది. బిడ్డ బరువును బట్టి డాక్టర్ నిర్ణయించిన మోతాదును రెండు పూటలా అన్నం తిన్న తర్వాతే వేయాలి. దానికి తోడు ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్ సిరప్ పట్టకూడదు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు నాప్రోక్సెన్ కిడ్నీలను దెబ్బతీయవచ్చు, డెంగీలో రక్తస్రావం ముప్పు పెంచుతుంది కాబట్టి, అలాంటప్పుడు తర్వాతి మోతాదు వేయకముందే డాక్టర్‌ను అడగాలి. నొప్పి పోయిందని సొంతంగా మానేయవద్దు. పిల్లవాడు ఆడుకుంటున్నా ఎంఆర్ఐలో వాపు ఇంకా కనిపించవచ్చు.

నాప్రోక్సెన్‌తో గుణం కనిపించకపోయినా, వెన్నుపూసల్లో వాపు ఉన్నా మరింత బలమైన మందులు అవసరమవుతాయి. వెన్నుపూస నలిగి కుంగిపోయే ప్రమాదం ఉంది కనుక అక్కడ జాప్యం మంచిది కాదు.

వీటిలో మెథోట్రెక్సేట్ విషయంలోనే ఇంటివాళ్లు ఎక్కువ జాగ్రత్త పడాలి. అది వారానికి ఒక్కసారే వేసే మందు. రోజూ వేస్తే ప్రాణాపాయం. డాక్టర్ 10 మిల్లీగ్రాములు రాస్తే, 2.5 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు ఆ ఒక్క రోజే వేయాలి. దుష్ప్రభావాలు తగ్గించడానికి ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్రలు కూడా చిన్నవే కాబట్టి రెండింటినీ ఒకే డబ్బాలో పెట్టకుండా, మెథోట్రెక్సేట్ స్ట్రిప్ మీద అది వేయాల్సిన రోజు పేరు (ఆదివారం, సోమవారం ఇలా) పెద్దక్షరాలతో రాయాలి. మధ్యలో జ్వరానికి వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే ఈ మందు సంగతి తప్పక చెప్పాలి, ఎందుకంటే సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ దీనితో కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోవచ్చు. రక్తపరీక్షలు వాయిదా వేయకూడదు.

రోగనిరోధక శక్తిని అణచి వాపు తగ్గించే అడాలిముమాబ్ వంటి ఇంజెక్షన్లకు ముందు, క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో మాంటూ (క్షయ కోసం చర్మం మీద చేసే పరీక్ష) లేదా రక్తపరీక్షతో పాటు ఛాతీ ఎక్స్‌రే తీయించడం తప్పనిసరి. బతికున్న క్రిములతో చేసే టీకాల గురించి కూడా అప్పుడే అడగాలి.

ఎముక అరుగుదలను ఆపే పామిడ్రోనేట్ అనే మందును సెలైన్‌లో ఎక్కిస్తారు. దానికి ముందు విటమిన్ డి, కాల్షియం, కిడ్నీ పరీక్షలు చేయించి, పిప్పిపళ్లు ఉంటే చూపించాలి. మొదటిసారి ఎక్కించాక ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావడం మామూలే. వేళ్లు కొంకర్లు పోతే, పెదాల చుట్టూ తిమ్మిరెక్కితే మాత్రం కాల్షియం పడిపోయిందేమోనని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.